ఎల్విరా కొలతకి కట్టిన ఇల్లు

ఎల్విరా ఆర్చులెటా యాభై దాటేదాకా గోడకి మేకు కొట్టి ఎరగదు. చేతకాక కాదు. ఇంతెత్తు మంచు తోసే బండిని కొండ మలుపుల్లో వెనక్కి నడిపించే మనిషికి మేకొక లెక్కా! అద్దె ఇంట్లో గోడకి చిల్లి పడితే అడ్వాన్సులో కోసుకుంటారు, అదీ సంగతి. పంతొమ్మిదేళ్ళప్పుడు లోయలో వాళ్ళ నాన్న గొర్రెల మందని వదిలి, స్కీ హోటల్లో గిన్నెలు కడగడానికి కొండ మీదున్న మా ఊరు గ్రేహార్న్ కి వచ్చింది. అప్పటినుంచీ ఆమె వీపు ఆన్చిన ప్రతి గోడా ఎవరిదో ఒకరిది. ఆ నాన్నగారి ఫొటో ఇన్నేళ్ళూ కుర్చీ మీదా, కిటికీ గట్టు మీదా, ఒక శీతాకాలమంతా ఫ్రిజ్జు మీదా ఆనుకుని నిలబడే ఉంది. గొర్రెలు కాసిన మనిషి కాబట్టి సరిపోయింది, నిలబడటం అలవాటే.

నేను ఆమెని ఎరిగింది కొట్లో. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క హార్డ్‌వేర్ కొట్లో కౌంటరు వెనక నిలబడేది నేను. పేరు ట్రూడీ. మా కొట్టుకొచ్చి ఏమీ కొనకుండా అంతసేపు ఉండే మనిషి ఇంకొకరు లేరు. గోడ రంగుల నమూనా ముక్కలు పేకముక్కల్లా వేళ్ళ మధ్య పరుచుకుని చూసేది. తలుపు పిడులు తిప్పి చూసేది. ఒకసారి తలుపు గంట నొక్కి, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు కాసేపు ఆగింది.

“ఏం కావాలి ఎల్విరా?”

“ఇల్లు. మీ కొట్లో ఏ వరసలో పెట్టారు?”

“అయిపోయాయే. సరుకు రావాలి.”

“వచ్చాక నాకొకటి పక్కన పెట్టు.”

ఏళ్ళ తరబడి ఇదే మాట. ఇద్దరం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వు నాకంటే ముందు ఆగేది.

మా ఊళ్ళో ఇళ్ళకి కరువు లేదు. కొండ వాలు పొడవునా అద్దాల గోడల ఇళ్ళే, ఒక్కోదాని వంటింట్లో మా కొట్టులాంటివి రెండు పడతాయి. సొంతదార్లు ఏడాదికి రెండు వారాలు వస్తారు, వస్తే. గిన్నెలు కడిగేవాళ్ళూ, తీగ మీద జనాన్ని కొండెక్కించే లిఫ్టు నడిపేవాళ్ళూ, బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళూ మాత్రం నేలమాళిగల్లో, ట్రెయిలర్లలో, గ్యారేజీ మీది గదుల్లో ఉంటాం. అవి కూడా ఒక్కొక్కటే అమ్ముడుపోతుంటాయి. అమ్మేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎక్కడో దూరం నుంచి ఎవరో వస్తారు. ఇల్లు పూర్తిగా చూడను కూడా చూడరు, కిటికీలోంచి కనిపించే కొండని చూసి ధర చెబుతారు. ఆ ధర విన్నాక ఎంత మంచితనానికైనా చెవుడొస్తుంది.

“ఎల్విరా, నాకెంత బాధగా ఉందో నీకు తెలీదు” అని అద్దెకిచ్చినవాళ్ళు ఏడుస్తారు. ఇల్లమ్ముకుంటూ ఏడ్చేవాళ్ళని ఆమె ఎంతమందిని ఓదార్చిందో! ఒకావిడైతే కౌగలించుకుని, చేతిలో రాస్ప్‌బెర్రీ జాము సీసా పెట్టి పంపించింది.

“ఇల్లు పోయి జామొచ్చింది” అంది ఎల్విరా ఆ సాయంత్రం, మా సోఫా మీద దుప్పటి పరుచుకుంటూ. “ఇక బ్రెడ్డు కొనుక్కుంటే సంసారం మొదలెట్టొచ్చు.”

మా సోఫా ఆమెకి పాత చుట్టమే. గ్యారేజీ మీది గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ సొంతదారు ప్రతి క్రిస్మస్ వారం ఆమెని ఖాళీ చేయించేవాడు. ఆ ఒక్క వారానికి టూరిస్టులిచ్చే అద్దె ముందు ఆమె అద్దె చిల్లర కింద లెక్క. ఎల్విరా పెట్టెలు మా ఇంట్లో పెట్టి, తెల్లారకముందే బండి తీసి, ఆ గది ముందు రోడ్డు మీది మంచు కూడా తనే తోసి వచ్చేది. టూరిస్టుల కారు జారకూడదు కదా.

ఒకసారి నన్ను బండిలో పక్కన కూచోబెట్టుకుని పైకి తీసుకెళ్ళింది. పెద్ద ఇళ్ళ వరస. ఒక్క దాంట్లోనూ దీపం లేదు.

“చూడు ట్రూడీ, ఇవాళ నేను తోసిన దారి మీద, మళ్ళీ నేను తోసేదాకా ఒక్క చక్రం గుర్తు పడదు. అప్పుడప్పుడు నక్క నడుస్తుంది.”

“పోనీలే, నక్కకన్నా ఉపయోగపడుతున్నావు.”

“దానికీ బొరియ ఉందే” అంది.

నేను మాట మార్చాను. ఏ మాటలోకి మార్చినా చివరికి ఇంటి దగ్గరికే వచ్చేది.

ఊరి మంచంతా ఎత్తి పోసే స్థలం ఒకటి వాగు పక్కన ఉండేది. ఊరివాళ్ళు దాన్ని ఆరు ఇళ్ళకి కేటాయించారు. బజారు ధరకి ఈ జన్మలో కొనలేని ఆరు కుటుంబాలు, సాయంత్రాలూ సెలవులూ కలిపి, ఆరు ఇళ్ళూ తమ చేతులతో కట్టుకోవాలి. ముందు కట్టాల్సిన సొమ్ముకి బదులు చెమట. తర్వాత అమ్ముకోవాలన్నా ఊళ్ళో పనిచేసేవాళ్ళకే, ఊరు చెప్పిన ధరకే అమ్మాలి. అన్నిటికన్నా వింతైన షరతు ఇంకొకటి. ఆరూ పూర్తయ్యేదాకా ఏ ఇల్లు ఎవరిదో ఎవరికీ తెలీదు. చివర్న డ్రా తీస్తారు.

ఊరి ఇళ్ళ ఆఫీసులో పనిచేసే కోరా లిండ్‌క్విస్ట్ మొదటి మీటింగులోనే చెప్పింది. “ఎవరిల్లేదో ముందే తెలిస్తే ఏమవుతుందో నేను చూశానండీ. తనింటికి స్క్రూలు, పక్కింటికి మేకులు. మనుషులం కదా.”

అందరం, అవునవును అలాంటివాళ్ళుంటారు అన్నట్టు తలాడించి, పక్కవాళ్ళ కేసి చూశాం.

ఆరు కుటుంబాల్లో మేమొకరం, అంటే నేనూ, స్కీ కొండ మీది క్యాంటీన్లో వంటచేసే మా ఆయన గార్త్. ఎల్విరా ఒక్కతే ఒక కుటుంబం. లిఫ్టుల మెకానిక్కుగా చేసి రిటైరైన వెండెల్ క్రోగ్ ఇంకో ఒంటరి కుటుంబం. ఆయన దూలమంత పొడుగు. రిపేరు షెడ్డు వెనక వ్యానులో ఏళ్ళ తరబడి కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. లిఫ్టు దగ్గర పనిచేసే పసంగ్ షెర్పా, ఆయన భార్యా నాలుగో వాటా. టీచర్ల జంట ఒకటి, కవల పిల్లలున్న నర్సమ్మ ఒకరు. అంతే జట్టు. ఇల్లు కట్టడమంటే ఏమిటో మాలో ఒక్కరికీ తెలీదు.

మొదటి రోజు ఎల్విరా చేతికి సుత్తి ఇచ్చారు. చెక్క మీద మేకు నిలబెట్టి చుట్టూ చూసింది.

“కొట్టొచ్చా?”

“కొట్టకపోతే గోడ ఎలా నిలబడుతుందే?” అన్నాను.

“ఎవరూ ఏమీ అనరుగా?”

పసంగ్ నవ్వాడు. “అక్కా, కొట్టకపోతే అంటాం.”

కొట్టింది. నిజం చెప్పొద్దూ, బొటనవేలి మీదే కొట్టుకుంది. నొప్పికి గంతులెయ్యాల్సిన మనిషి, మేకు సగం దిగిందని చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆ సాయంత్రానికి సంచిలో మేకులన్నీ అయిపోయాయి. అవసరం లేని చోట కూడా కొట్టింది. ఎవరం ఏమీ అనలేదు.

మొదట లేచింది ఒకటో నంబరు ఇల్లు. అందరం దాని మీదే నేర్చుకున్నాం కాబట్టి దాన్ని ‘బడి’ అనేవాళ్ళం. బడిలో మా అందరి తెలివీ కనపడుతుంది. రసమట్టం ఎందుకని పసంగ్ కంటితోనే చూసి బిగించిన కిటికీ ఉంది. “మా ఊళ్ళో అన్నీ వాలే, నాకు ఇది తిన్నగానే ఉంది” అన్నాడు. నేను బిగించిన బాత్రూం తలుపుంది. ఇన్నేళ్ళు తలుపు బందులు అమ్మినదాన్ని, ఈ పని ఇంకెవరూ ముట్టుకోవద్దని ముందే చాటించాను. తీరా చూస్తే తలుపు లోపలికి తెరుచుకుని కమోడుకి తగులుతుంది. సన్నగా ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి దూరాలి. ఎలా వాడాలో చూపిస్తానని లోపలికెళ్ళి నేనే ఇరుక్కుపోయాను. బందులు కూడా లోపలివైపే పెట్టాను మరి. గార్త్ కిటికీలోంచి స్క్రూ డ్రైవరు అందించి, బయట నిలబడి పాఠం చెప్పాడు. తలుపు ఊడొచ్చేసరికి అవతల జనం చప్పట్లు. మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే మిగతా ఐదిళ్ళూ కట్టేశాం, ఆ తలుపు అలాగే ఉండిపోయింది.

ఆరో నంబరు వాగు వైపు చివరిల్లు. ఎల్విరాకి ఆ మూల ఇల్లు లేవకముందు నుంచే తెలుసు. అక్కడ ఊరి మంచంతా పోసింది తనే కదా. ఏప్రిల్లో స్థలమంతా మురికి మంచు గుట్టలా గడ్డకట్టి ఉంటే, ఆ మూల మాత్రం మంచమంత మేర మొదట కరిగి పచ్చగా కనిపించేదట. బండి ఆపి, అద్దం దించి, చూసి వెళ్ళేదట. ఇవన్నీ తర్వాత చెప్పింది. అప్పట్లో ఒక్క ముక్క నోరు జారలేదు. ఆరో ఇంటి పని వచ్చినప్పుడల్లా “మీరు అలిసిపోయారు, ఇది నేను చూసుకుంటాలే” అనేది. ఎంత మంచి మనిషి అనుకుని మేం వెళ్ళి బీరు తాగేవాళ్ళం.

సంగతి బయటపడింది తలుపు కంత వల్ల. వచ్చిందెవరో లోపల్నుంచి చూసుకోవడానికి ముందు తలుపుకి చిన్న కంత పెడతాం కదా, ఆరో ఇంటికి అది ఎల్విరా పెట్టింది. ఎల్విరా ఎత్తు నా భుజం దాకా. మర్నాడు వెండెల్ ఆ తలుపు ముందు నిలబడి కంత కోసం వెతికాడు. నడుం వంచాడు, ఇంకా వంచాడు, ఆఖరికి మోకాళ్ళ మీద కూచుని చూశాడు.

“ఇదెవరికోసం పెట్టారు? కుక్కకా?”

ఎల్విరా ఆ పూట డ్యూటీలో ఉంది కాబట్టి బతికిపోయాం. అప్పుడు అందరం ఆ ఇంటిని కొత్తగా చూశాం. వంటింటి అరలు నా గడ్డం దగ్గరే ఆగిపోయాయి. కోటు తగిలించే కొక్కేలు, దీపాల స్విచ్చులు, అద్దం, అన్నీ మెట్టు దిగినట్టు కిందకున్నాయి. వంటింటి కిటికీ గట్టు మీద మోచేతులు ఆన్చి కొండ కేసి చూడాలంటే సరిగ్గా ఒక్క మనిషికే కుదురుతుంది. నేను ఆన్చి చూశాను. మేతకి వంగిన గొర్రెలా ఉన్నావన్నాడు గార్త్.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని “రంగు వాసన” అంది. ఆ గదికి ఇంకా రంగే వెయ్యలేదు.

ఆ సాయంత్రం కొట్టు మూశాక అందరం, అంటే ఎల్విరా తప్ప అందరం, అక్కడే కూచున్నాం.

“అక్కకే ఇచ్చేద్దాం” అన్నాడు పసంగ్.

“కోరా ఒప్పుకోదు. డ్రా అంటే డ్రానే.”

“అడిగితే అక్క కూడా ఒప్పుకోదు.”

ఉపాయం నాదే. గొప్పలు చెప్పుకోకూడదు గానీ ఆ క్షణాన నాకు నేనే చాలా నచ్చాను. డ్రాకి నంబరు బిళ్ళలు మా కొట్టే ఇస్తోంది. పెద్ద ఇనప వాషర్లు, వాటి మీద గోళ్ళ రంగుతో అంకెలు. ఆరో నంబరు బిళ్ళని ముందు రోజు నుంచీ ఫ్రీజర్లో పెడతాను. డ్రా తీసే చోటికి ఐసు నింపిన ఫ్లాస్కులో తెచ్చి, చివరి నిమిషంలో బిళ్ళలు తీసే హెల్మెట్లో వేస్తాను.

“చెయ్యి పెట్టగానే ఏది చల్లగా తగిలితే దాన్ని ముట్టుకోకండి. ఎల్విరా ఎలాగూ వరసలో చివర నిలబడుతుంది. మిగిలేది ఆమెకే.”

అది నిజం. క్యాంటీన్లో గానీ, బ్యాంకులో గానీ, మందుల షాపులో గానీ, ఎల్విరా ఎప్పుడూ చివరే. ముందుకు రమ్మంటే “మిగిలింది చాలు” అంటుంది.

“అర్థమైందా వెండెల్?”

“చల్లగా ఉన్నది వదిలెయ్యాలి. అర్థం కాకపోవడానికేముంది?” అన్నాడు వెండెల్. అప్పుడే మరిగిన కాఫీ కప్పుని, పిడి పట్టుకోకుండా, అరచేతిలో ఆపిల్ పండులా పట్టుకుని ఉన్నాడు. మాలో ఒక్కరికైనా అప్పుడు తట్టాలి. తట్టలేదు.

డ్రా అక్టోబరులో పెట్టారు, మూడో ఇంటి హాల్లో. హీటరు వెచ్చగా ఉంది. కోరా పసుపు పచ్చ హెల్మెట్టు పట్టుకుని నిలబడింది. నేను చాటుగా ఫ్లాస్కు మూత తీసి బిళ్ళని పట్టుకుంటే అది కాస్తా నా వేలికి అంటుకుపోయింది. విదిలిస్తుంటే కోరా చూసింది.

“ఏమిటండీ అది, ఉంగరమా?”

“కొత్తది” అని నీళ్ళు నమిలి, హెల్మెట్లోకి రాల్చాను.

టీచర్లు ముందు వెళ్ళారు. వాళ్ళకి మూడు. పసంగ్ కి ఐదు. నేను చెయ్యి పెట్టగానే వేలికి ఐసు ముక్క తగిలినట్టయింది. దాన్ని పక్కకి తోసి ఇంకోటి తీశాను, నాలుగు. ఇక మిగిలింది వెండెల్, నర్సమ్మ, ఎల్విరా. ఎల్విరా అనుకున్నట్టే వెనక, తలుపు దగ్గర ఉంది. కోటు జేబుల్లో పిడికిళ్ళు బిగించుకుంది. పెదాలు కదులుతున్నాయి. వాళ్ళమ్మ నేర్పిన ప్రార్థనేదో చదువుకుంటోంది.

వెండెల్ హెల్మెట్లో చెయ్యి పెట్టాడు. ఎంతసేపు వెతికాడో! మధ్యలో మాకేసి కన్ను కూడా గీటాడు. తీసి కోరాకి ఇచ్చాడు.

“ఆరు” అంది కోరా. “అబ్బ, ఇంత చల్లగా ఉందేమిటిది?”

గార్త్ నా కాలు తొక్కాడు. నేను పసంగ్ కాలు తొక్కాను. వెండెల్ తన వేళ్ళ కేసి చూసుకుంటున్నాడు. ఎప్పుడో తుఫానులో లిఫ్టు ఆగిపోతే, పైన చిక్కుకున్న వాళ్ళని దించడానికి చేతొడుగులు తీసేసి పనిచేసినప్పుడు మంచు కొరికేసిన వేళ్ళవి. కొసలు మైనంలా తెల్లగా ఉంటాయి, స్పర్శ ఉండదు. ఆ తుఫాను సంగతి మా అందరికీ తెలుసు. కొండ మీది ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి వేలు ఒకటి ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఆయనకి చిన్నతనం.

మొదట చప్పట్లు కొట్టింది ఎల్విరా. చాలా గట్టిగా కొట్టింది.

“మంచిల్లు పట్టావు వెండెల్! చలిగాలి చీమంత కూడా దూరదు!”

నర్సమ్మకి రెండు. మిగిలింది ఎల్విరా తీసింది. ఒకటి.

“బడా!” అని నవ్వింది. “చదువుకోలేదని మా అమ్మకి దిగులుండేది. ఇప్పుడు బళ్ళోనే కాపురం.”

అందరం నవ్వాం, నవ్వాలి కదా. ఆమె హెల్మెట్టు కోరాకి తిరిగి ఇస్తూ, ఇంకేదైనా ఉందేమోనన్నట్టు ఒక్కసారి లోపలికి చూసింది.

“సంతకాలు వచ్చే శుక్రవారం” అంది కోరా. “ఇద్దరికీ ఇష్టమైతే ఈలోగా ఇళ్ళు మార్చుకోవచ్చు. సంతకం పెట్టాక కుదరదు.”

బుధవారం ఎల్విరా మా కొట్లో అరల మీద పరిచే కాగితం చూస్తుండగా వెండెల్ లోపలికొచ్చాడు. వచ్చి టోపీ తీశాడు. ఆయన టోపీ తీశాడంటే ఊళ్ళో ఎవరో పోయారనుకోవాలి.

“ఎల్విరా, ఆరు నువ్వు తీసుకో. నేను బడికి పోతాను.”

“ఎందుకూ?”

“వాగు చప్పుడుకి నాకు నిద్ర పట్టదు.”

“లిఫ్టు మోటారు పక్కన ఇన్నేళ్ళు గుర్రుపెట్టావు. వాగొచ్చిందా అడ్డం?”

వెండెల్ నాకేసి చూశాడు. నేను స్క్రూల డబ్బాలు సర్దుతున్నాను. అబద్ధం రానివాళ్ళకి సాయం వెళ్ళకూడదు, ఇద్దరూ మునుగుతారు.

“అది నీకే రావాలి” అన్నాడు. “ఆ బిళ్ళని చల్లబెట్టింది నీకోసం. మేమంతా దాన్ని వదిలెయ్యాలి. నా వేళ్ళేమో...” రెండు చేతులూ కౌంటరు మీద పెట్టాడు. “ఇవి చచ్చిపోయాయని అందరి ముందూ చెప్పలేకపోయాను.”

ఎల్విరా చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

“చల్లబెట్టింది ఎవరు?”

“ఫ్రీజరు” అన్నాను.

“ట్రూడీ!”

“నేనే.”

“అయితే అందరికీ తెలుసా?”

“తలుపు కంత నీ కంటికి సరిగ్గా పెట్టుకున్నావు కదే తల్లీ. ఎవరికి తెలీదు? వాగులో చేపలక్కూడా తెలుసు.”

చేతిలో ఉన్న అరల కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న రంగు డబ్బా మీద కూలబడింది. దాని వెనక నవ్వుతోందో ఏడుస్తోందో అంతుపట్టలేదు. కాగితం దించేసరికి రెండూ అయిపోయినట్టున్నాయి.

“పలకల సంగతి కూడా తెలుసా మరి?”

మాకు తెలీదు.

“నేలకి వేసే చెక్క పలకలు లారీలో దిగినప్పుడు ఇంటింటికీ మోసి పంచింది నేను కదా. ముడి లేనివి, వంకర లేనివి ఏరి ఏరి ఆరుకి వేశాను. మెలితిరిగినవన్నీ బళ్ళో పడేశాను. ఎవరికో వస్తుందిలే అనుకున్నాను. ఆ ఎవరో నర్సమ్మ అయ్యుంటే? ఆ కవలలు ఆ నేల మీద పాకితే?” కాగితాన్ని మళ్ళీ చుట్ట చుట్టింది. “ఆ రోజు కోరా చెప్పింది నా గురించే. చెబుతుంటే నేను నీకేసి చూశాను ట్రూడీ.”

“నేను గార్త్ కేసి చూశాను.”

“మెలికలన్నీ నా కాళ్ళ కిందకే వచ్చాయి. ఇంతకన్నా సరైన డ్రా ఎక్కడ పడుతుంది? ఇప్పుడు మార్చుకుంటే వాటి మీద నడిచేది నువ్వు, వెండెల్.”

“నాకు కాలివేళ్ళక్కూడా స్పర్శ లేదు” అన్నాడు వెండెల్, ఆశగా.

ఎల్విరా పకపకా నవ్వేసింది. నవ్వి, ఆయన చేతుల మీద తన చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసేసింది.

“వద్దు. అడిగావు, చాలు.”

అరల కాగితం కూడా కొనకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం దాకా నేను ఆశ వదల్లేదు. గార్త్ తో పందెం కూడా కాశాను. కోరా ఆఫీసులో ఎల్విరా కలం అందుకుని ఆగింది.

“ఏమైనా మార్పులున్నాయా అండీ?” అంది కోరా.

ఎల్విరా కిటికీ కేసి చూసింది. ఆ ఆఫీసు కిటికీలోంచి కార్లు తప్ప ఇంకేమీ కనపడవు. కనపడని దాన్ని అంతసేపు చూసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

“లేదండీ” అని సంతకం పెట్టింది.

అందరం ఒకే రోజు ఇళ్ళలోకి చేరాం. సాయంత్రం ఎల్విరా ఇంటికి వెళ్ళాను, బాత్రూం తలుపు ఊడదీసి మార్చి ఇద్దామని. “ఉండనీవే, నువ్వొచ్చినప్పుడల్లా ఇరుక్కుంటే చూడాలి” అంది. నాన్నగారిని గోడకి తగిలించింది. నేల అక్కడక్కడా కీచుమంటోంది. కీచుమన్నప్పుడల్లా ఆమె మొహం చిట్లిస్తుంది, అది తనతో ఏదో అన్నట్టు. ఆరుగంటలకే పసంగ్ బిగించిన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది. అక్కణ్ణుంచి రోడ్డు, రోడ్డవతల మా చెత్త డబ్బాలు. కొండ కొంచెం, పక్కకి ఒంగితే.

నవంబరులో మొదటి మంచు పడ్డాక వెండెల్ మా కొట్టుకి నొసటి మీద బొప్పితో వచ్చాడు. ఆ ముందు వారం కూడా ఒకటి ఉంది, ఇంకోవైపు. ఎల్విరా రోడ్డు మంచు మీద చల్లే ఉప్పు బస్తాలు మోయించుకుంటూ చూసింది.

“అరలు ఎత్తుకోలేదా?”

“బాగానే ఉన్నాయి.”

“నీ తలకాయ ఇంకోలా చెబుతోంది.”

“నువ్వు బిగించినవి ఎలా విప్పను ఎల్విరా?”

“నా కొలతకి నువ్వు వంగి తిరిగితే అది అద్దెకున్నట్టు. ముప్పై ఏళ్ళు నేను వంగి తిరిగాను, చాలు. ఆదివారం వస్తాను. ట్రూడీ, నువ్వూ రా, పొడుగు స్క్రూలు తీసుకుని.”

ఆదివారం వెళ్ళాం. వెండెల్ ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నాడు. వస్తువులు లేక శుభ్రం. ఎల్విరా గుమ్మంలోనే బూట్లు విప్పేసింది, ఆయన వద్దంటున్నా. మేజోళ్ళతో ఆ నేల మీద మెల్లగా నడిచింది. ఒక్క పలకా కీచుమనలేదు.

అరలు ఊడి రావడానికి చచ్చాం. ఒక్కో బ్రాకెట్టుకి రెట్టింపు స్క్రూలు, పైగా వెనక జిగురు.

“ఇంత గట్టిగా ఎవరు బిగించారే బాబూ?” అన్నాను, మణికట్టు రుద్దుకుంటూ.

“ఉందొక పిచ్చిది.”

తనే స్టూలెక్కి వెండెల్ గడ్డం దగ్గర పెన్సిలుతో గీత గీసింది. తనే రంధ్రాలు చేసింది. నేను అర ఎత్తి పట్టుకుంటే తనే బిగించింది. రసమట్టం పెట్టి చూసి, తృప్తి లేక విప్పి, మళ్ళీ బిగించింది. వెండెల్ అటూ ఇటూ తిరుగుతూ “చాల్లే, చాల్లే” అంటూనే ఉన్నాడు. కిటికీ గట్టుని మాత్రం ఎత్తలేం కదా. పని అయ్యాక ఎల్విరా అక్కడ మోచేతులు ఆన్చి నిలబడింది. కుట్టించుకున్న బట్టలా కుదిరింది. అవతల కొండ మీద ఎండ దిగిపోతోంది. నేను స్క్రూలు లెక్కపెడుతున్నట్టు నటించాను. వెండెల్ కి నటించడం రాదు, అందుకని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“కాఫీ పెట్టనా?” అన్నాడు కాసేపటికి, గోడతోనే.

“నేను అందిస్తాను కప్పులు” అని ఎల్విరా కిటికీ వదిలి వచ్చి, చూడకుండానే పక్కకి చెయ్యి చాచింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఇప్పుడే తన చేతులతో ఎక్కించిన అర చాలా పైన ఉంది.

వెండెల్ కప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

తిరిగి వస్తుంటే వాగు గట్టు మీద మంచు అప్పటికే గట్టిపడుతోంది. అడగకూడదని తెలుసు, నా నోరు ఊరుకోదు.

“బాధగా ఉందా?”

“ఇల్లుంది కదే. నా తలుపు నేనే వేసుకుంటున్నాను. క్రిస్మస్ కి నన్ను లేపేవాడు లేడు. బాధెందుకు?”

బడి దగ్గరికి వచ్చేశాం. తాళంచెవి తీసి, తలుపు తియ్యకుండా నిలబడింది.

“కలలో మాత్రం ఇంకా ఆ వంటింట్లోనే కాఫీ పెట్టుకుంటున్నాను ట్రూడీ. తాగేలోపే మెలకువ వచ్చేస్తుంది. లేచి మళ్ళీ ఇక్కడ పెట్టుకోవాలి.”

“రోజుకి రెండు కాఫీలన్నమాట.”

“ఊఁ” అంది. “మొదటిదే మంచి వాసనొస్తుంది.”